మెషిన్ ఎందుకు ఆగిందో మెషిన్ పేరు మీద మీరే చెప్పేయకండి: ప్రొడక్షన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి బహిరంగ లేఖ

ప్రొడక్షన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల వాళ్లకి, దాన్ని మా ప్లాంట్లలోకి తెచ్చి బిగించే ఇంప్లిమెంటేషన్ టీముల వాళ్లకి,

నమస్తే అండి. నేను హైదరాబాద్ దగ్గర ఒక ఫార్మా ప్లాంట్లో ప్యాకింగ్ సెక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని, ట్యాబ్లెట్ల బ్లిస్టర్ లైన్లు చూస్తా. ఏ ప్లాంట్ అనేది ఇక్కడ అనవసరం, ఏ సాఫ్ట్‌వేర్ అనేది కూడా రాయను, ఎందుకంటే నేను చూసినవి రెండు మూడు రకాలు, వేరే ప్లాంట్లలో ఉన్న మా ఫ్రెండ్స్ వాడేవి ఇంకొన్ని, స్క్రీన్ రంగులు మారతాయి గానీ గొడవ మాత్రం అన్నిట్లో ఒకటే. మెషిన్ దానంతట అది ఆగినప్పుడు ఆ స్టాప్‌ని మీరు ఏ ఖాతాలో రాస్తున్నారు, ఎవరి ఖాతాలో రాస్తున్నారు అనేదే ఆ గొడవ.

సూటిగా చెప్తా. మెషిన్ ఆగింది అన్న సంగతి మెషిన్‌కి తెలుసు. ఎన్ని గంటలకి ఆగిందో తెలుసు, ఆ టైమ్‌లో ఏ సెన్సార్ ఏం చెప్పిందో తెలుసు. ఎందుకు ఆగిందో మాత్రం చాలాసార్లు దానికి తెలీదు, అది తెలిసేది అక్కడ నిలబడ్డ ఆపరేటర్‌కి, అతనికి కూడా ఒక్కోసారి వెంటనే కాదు, మెషిన్ గార్డ్ (రక్షణ తలుపు) తీసి చేత్తో పట్టుకుని చూశాకే. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమో ఈ రెండూ ఒకటే కాలమ్. పేరేమో "స్టాప్ రీజన్". అందులో మెషిన్ చెప్పిందీ వేస్తారు, మనిషి చెప్పిందీ వేస్తారు, చివర్లో ఎవరు రాస్తే అది మిగుల్తుంది. నేను అడిగేది అసలు ఒక్కటే, ఈ రెండు కాలమ్స్ విడగొట్టండి, ఒకదాని మీద ఇంకోటి రాయనివ్వకండి. మిగతా లేఖంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

లైన్ తెలీని వాళ్ల కోసం కొంచెం చెప్తా, ఎందుకంటే మీ డెవలపర్లలో చాలామంది బ్లిస్టర్ లైన్ ఎప్పుడూ చూసి ఉండరు, అది వాళ్ల తప్పు కాదు. ముందు బ్లిస్టర్ మెషిన్ ఉంటుంది, ఫాయిల్‌లో గుంతలు చేసి, ట్యాబ్లెట్లు నింపి, పైన ఇంకో ఫాయిల్ వేసి వేడితో సీల్ చేసి, స్ట్రిప్‌లుగా కట్ చేస్తుంది. నింపిన తర్వాత మధ్యలో ఒక కెమెరా ప్రతి గుంతలో ట్యాబ్లెట్ ఉందా, విరిగిందా అని చూస్తుంది. తర్వాత కార్టనర్, అది మడత పెట్టిన కార్టన్‌ని తెరిచి, బ్లిస్టర్లు, లీఫ్‌లెట్ లోపలికి తోసి మూత వేస్తుంది. తర్వాత బ్యాచ్ నంబర్ ప్రింటింగ్, దాన్ని చదివే కెమెరా, తర్వాత బరువు చూసే చెక్‌వేయర్, ఆఖర్లో షిప్పర్ ప్యాకింగ్, అంటే పెద్ద అట్టపెట్టెల్లో సర్దడం. అన్నీ కన్వేయర్లతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి ఆగితే కాసేపటికి అన్నీ ఆగుతాయి.

ఇప్పుడు ఆ లైన్‌లో కార్టనర్ ఆగిందనుకోండి. కన్వేయర్ మీద బ్లిస్టర్లు నిండిపోయాయి, ఫుల్ సెన్సార్ కొట్టింది, బ్లిస్టర్ మెషిన్ దానంతట అది ఆగింది. అది ఆగాలి, అలా ఆగేలాగే దాన్ని డిజైన్ చేశారు. కానీ మీ డ్యాష్‌బోర్డ్‌లో బ్లిస్టర్ మెషిన్‌కి ఎర్ర గీత పడుతుంది, 40 నిమిషాల "అన్‌ప్లాన్డ్ డౌన్‌టైమ్", కింద "మెషిన్ ఫాల్ట్". మియాపూర్‌లో ముందెక్కడో లారీ చెడిపోయి ట్రాఫిక్ ఆగితే, వెనకాల ఆగిన ప్రతి కారుకీ బ్రేక్‌డౌన్ అని చలాన్ రాసినట్టు ఉంది ఇది. నెలాఖరులో బ్లిస్టర్ మెషిన్ అవైలబిలిటీ చూసి పైవాళ్లు మెయింటెనెన్స్‌ని పిలిచి అడుగుతారు, మెయింటెనెన్స్ వాళ్లు పాపం ఏ తప్పూ లేని మెషిన్‌కి ఓవర్‌హాల్ ప్లాన్ వేసుకుంటారు.

దీనికి మీరు కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏం లేదు. ప్యాకింగ్ మెషిన్ల కోసం ప్యాక్‌ఎంఎల్ అని స్టాండర్డ్ ఉంది, ఐఎస్ఏ అనే ఆటోమేషన్ వాళ్ల సంఘానిది, దాంట్లో ఈ తేడా శుభ్రంగా రాసి పెట్టారు. మెషిన్ లోపలి కారణంతో ఆగితే హెల్డ్, బయటి కారణంతో, అంటే ముందు నుంచి మాల్ రాకపోయినా, వెనకాల మాల్ కదలకపోయినా ఆగితే సస్పెండెడ్. జర్మనీలో బాట్లింగ్ లైన్ల కోసం రాసుకున్న వైహెన్‌స్టెఫాన్ స్టాండర్డ్ అయితే ఇంకో మెట్టు ముందుకెళ్లి ఆ బయటి కారణాన్ని కూడా రెండు చేసింది, ల్యాక్ అంటే మెషిన్‌కి రావాల్సింది రావట్లేదు, టెయిల్‌బ్యాక్ అంటే మెషిన్ నుంచి పోవాల్సింది పోవట్లేదు. బీరు సీసాల వాళ్లకి అన్నేళ్ల నుంచి తెలిసిన సంగతి మందుల లైన్ల దగ్గరికి వచ్చేసరికి మాయమైపోవడం ఏంటో నాకు అర్థం కాదు. ఇవి మనిషిని అడగాల్సిన పనే లేదు, రెండు సెన్సార్ సిగ్నల్స్ పీఎల్‌సీలోంచి, అంటే మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌లోంచి, తీసుకుంటే సాఫ్ట్‌వేరే చెప్పగలదు. ఆటోమేటిక్‌గా క్లాసిఫై చెయ్యాల్సిన చోట చెయ్యరు, చెయ్యకూడని చోట మాత్రం చేస్తారు.

చెయ్యకూడని చోటు అంటే ఏంటో చెప్తా. డోర్ ఓపెన్.

మా లైన్ టాప్ టెన్ స్టాప్ రీజన్స్ చార్ట్ తీస్తే ఎప్పుడు చూసినా మొదటి ప్లేస్ "గార్డ్ డోర్ ఓపెన్"దే. నిజమేనా అంటే లెక్క ప్రకారం నిజమే. జరిగేది ఏంటంటే, లోపల కార్టన్ ఇరుక్కుంటుంది, ఓవర్‌లోడ్ క్లచ్ జారుతుంది, మెషిన్ ఆగుతుంది, అలారం వస్తుంది. ఆపరేటర్ వచ్చి గార్డ్ తెరుస్తాడు, తెరవకుండా చెయ్యి ఎలా పెడతాడు? తెరిచిన వెంటనే, తలుపు తెరిచి ఉంటే మెషిన్‌ని నడవనివ్వని ఇంటర్‌లాక్ అలారం. సేఫ్టీ వాల్వ్ లోపలి గాలంతా బయటికి వదిలేస్తుంది కాబట్టి "ఎయిర్ ప్రెషర్ లో" అలారం. మోటార్లని నడిపే సర్వో డ్రైవ్‌లకి పవర్ కట్ అవుతుంది కాబట్టి వాటి అలారాలు వరసగా. అతను జామ్ క్లియర్ చేసి రీసెట్ కొట్టేటప్పటికి మొట్టమొదట వచ్చిన అసలు అలారం లిస్ట్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒకటేమో చివరి అలారాన్ని కారణంగా తీసుకుంటుంది, ఇంకోటేమో ఎక్కువసేపు యాక్టివ్‌గా ఉన్న అలారాన్ని తీసుకుంటుంది. రెండు పద్ధతుల్లోనూ గెలిచేది డోరే, ఎందుకంటే స్టాప్ మొత్తంలో ఎక్కువసేపు తెరిచి ఉండేది అదే కదా.

ఫలితం ఏంటో తెలుసా, ఆ చార్ట్ చూసి డోర్ స్విచ్‌లు మార్చమన్నారు. మార్చాం కూడా. కొత్త స్విచ్‌లు బాగా పనిచేస్తున్నాయి, డోర్ ఎప్పుడు తెరిచినా కరెక్ట్‌గా చెప్తున్నాయి, చార్ట్‌లో ఫస్ట్ ప్లేస్ ఇంకా పదిలంగా ఉంది. మోకాలికీ బోడిగుండుకీ ముడి అంటే ఇదే.

మొదటి అలారం ఏది అన్నది పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది, కంట్రోల్ ప్యానెల్స్ చేసేవాళ్లు దాన్ని ఫస్ట్ అవుట్ అంటారు. మెషిన్ రన్నింగ్‌లోంచి ఆగిన ఆ స్కాన్‌లో (పీఎల్‌సీ తన ప్రోగ్రాంని ఒకసారి మొత్తం తిరగేయడమే స్కాన్) ఏ అలారం బిట్ ముందు పడిందో దాన్ని లాచ్ చేసి, అంటే పట్టి ఉంచి, మళ్లీ రన్ అయ్యేదాకా కదలనివ్వరు. ఇది పీఎల్‌సీలోనే చెయ్యాలి. పీఎల్‌సీ నుంచి మీ సర్వర్‌కి డేటా మోసే మీ గేట్‌వే సెకనుకో, ఐదు సెకన్లకో ఒకసారి వచ్చి ట్యాగ్‌లు చదివి వెళ్తుంది, ఈలోపు పీఎల్‌సీ వందల స్కాన్లు తిరిగేసి ఉంటుంది, మీరు వచ్చేసరికి ఐదు అలారాలు ఒకే టైమ్ స్టాంప్‌తో కనిపిస్తాయి, అందులో ఏది ముందో మీకు దేవుడే చెప్పాలి. కాబట్టి మెషిన్ కొనేటప్పుడే యూజర్ రిక్వైర్‌మెంట్‌లో ఫస్ట్ అవుట్ అడగమని మీ సేల్స్ వాళ్లు మా ప్రాజెక్ట్స్ వాళ్లకి చెప్పాలి. పాత మెషిన్ అయితే ప్రోగ్రాం మార్చాలి, దానికి మాకు అనుమతుల చేంజ్ కంట్రోల్, మళ్లీ పరీక్షించి రుజువు చేసే రీవాలిడేషన్, అదో పెద్ద కథ, నాకు తెలుసు. కానీ ఆ కథ మొదలుపెట్టకుండా "మా సిస్టమ్ రూట్ కాజ్ ఆటోమేటిక్‌గా ఇస్తుంది" అని బ్రోషర్‌లో వేసుకోవడం మాత్రం దయచేసి ఆపండి. మొదటి అలారం దొరకని చోట "తెలీదు" అని చూపించండి, మాకేం బాధ లేదు.

సరే, మొదటి అలారం కరెక్ట్‌గా దొరికింది అనుకుందాం. అప్పుడైనా అది కారణమా? కాదండి. ఒక్క ఉదాహరణ చెప్తా, కార్టనర్‌లో "లీఫ్‌లెట్ నాట్ పిక్డ్". వ్యాక్యూమ్ సక్కర్ వచ్చి మ్యాగజైన్‌లోంచి లీఫ్‌లెట్ లాగాలి, లాగలేదు, సెన్సార్ చూసింది, వరసగా రెండు మూడు సార్లు అలా అయితే మెషిన్ ఆగింది. మెషిన్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఎందుకు లాగలేదు? సక్కర్ కప్పు అరిగి అంచు పగిలి ఉండొచ్చు, అది మెయింటెనెన్స్ పని. వ్యాక్యూమ్ ఫిల్టర్ కాగితం దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, అది క్లీనింగ్ షెడ్యూల్. మ్యాగజైన్ గైడ్ బిగుతుగా పెట్టి ఉండొచ్చు, అది చేంజోవర్‌లో, అంటే ఒక మందు నుంచి ఇంకో మందుకి లైన్ మార్చేటప్పుడు, మా ప్రొడక్షన్ వాళ్లు పెట్టిన సెట్టింగ్. లేదా వానాకాలంలో ఎక్కువగా జరిగేది, కాగితం తేమ పీల్చుకుని వంకర తిరిగి ఉండొచ్చు, అది స్టోర్స్‌దో సప్లయర్‌దో. నాలుగు కారణాలు, నాలుగు డిపార్ట్‌మెంట్లు, అలారం మాత్రం ఒక్కటే. ఆపరేటర్ ఒక లీఫ్‌లెట్ తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తాడు, అంచులు పైకి లేస్తే తేమ, లేవకపోతే వేలితో సక్కర్ కప్పు తడిమి చూస్తాడు. అంతే, అర నిమిషం పని. ఆ అర నిమిషంలో తెలిసే సంగతి మీ సర్వర్‌కి ఎన్ని సెన్సార్లు పెట్టినా తెలీదు.

కానీ మీ మాస్టర్ డేటాలో ఏముంది, అలారం నంబర్ ఫలానా, కేటగిరీ మెకానికల్, డిపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, అని ఒకసారి మ్యాపింగ్ చేసి పడేశారు. ఇంప్లిమెంటేషన్ టైమ్‌లో ఎక్సెల్ షీట్ పంపించి "సార్ ఇవన్నీ ఫిల్ చేసి ఇవ్వండి, శుక్రవారం గో లైవ్" అన్నారు, మావాడెవడో రాత్రికి రాత్రి కూర్చుని నింపాడు, ఇక అది శిలాశాసనం అయిపోయింది. జులై నెల మొత్తం వంకర లీఫ్‌లెట్ల పాపం మెయింటెనెన్స్ ఖాతాలో పడుతుంది. వాళ్లకి కడుపు మండదా?

ఇక మనిషిని అడిగే విషయం. అడగమంటున్నా కదా అని మీరు ఇప్పుడు అడుగుతున్నట్టు అడగమని కాదు. మెషిన్ ఆగిన మరుక్షణం స్క్రీన్ మీద పాపప్, కారణం ఎంచుకో, ఎంచుకుంటే గానీ పాపప్ పోదు, ఇంకా ఘోరం ఏంటంటే కొన్ని చోట్ల కారణం ఇవ్వకపోతే మెషిన్ స్టార్ట్ కాకుండా లాక్ పెట్టారు. అయ్యా, ఆ క్షణంలో అతనికి కారణం తెలీదు, ఇప్పుడే కదా ఆగింది, చూడటానికి వెళ్లాలి. చేతికి గ్లవ్స్ ఉంటాయి, మీ టచ్ స్క్రీన్ గ్లవ్స్‌తో నొక్కితే పక్కది పడుతుంది. లిస్ట్‌లో అరవై డెబ్బై కారణాలు ఇంగ్లిష్‌లో, అదీ అక్షర క్రమంలో. దాంతో ఎ తో మొదలయ్యే "ఎయిర్ ప్రెషర్ లో" మా ప్లాంట్‌లో పెద్ద సమస్య అని రిపోర్ట్‌లో తేలింది, కంప్రెసర్ రూమ్ వాళ్లు వచ్చి గేజ్‌లు చూసి నవ్వుకుని వెళ్లారు. ఎయిర్ దొరక్కపోతే అందరికీ ఇష్టమైనది "అదర్స్" ఎలాగూ ఉంది. లైన్ మీద తెలుగు పిల్లలు ఉన్నారు, ఒడిశా వాళ్లు ఉన్నారు, బిహార్ వాళ్లు ఉన్నారు, పని మాత్రం బ్రహ్మాండంగా తెలుసు, "ఇన్‌ఫీడ్ మిస్‌అలైన్‌మెంట్" అంటే ఏంటో అడిగితే నాకే ఆలోచించాలి. వాళ్ల భాషలో పెట్టండి, లేదా మెషిన్ బొమ్మ పెట్టి ఎక్కడ ఆగిందో ఆ చోటు నొక్కమనండి, అది చాలు. ఆ చోటుకి సంబంధించిన ఐదారు కారణాలు మాత్రమే చూపించండి. మొదటి అలారం లీఫ్‌లెట్‌ది అయితే లీఫ్‌లెట్ కారణాలే చూపించండి, సీలింగ్ హీటర్ సంగతి అక్కడ ఎందుకు?

టైమ్ ఇవ్వండి. మెషిన్ మళ్లీ రన్ అయ్యాక, లైన్ కుదురుకున్నాక అడగండి, షిఫ్ట్ అయ్యేలోపు ఎప్పుడైనా నింపుకోనివ్వండి. "ఇంకా తెలీదు" అని ఒక బటన్ ఉండాలి, అది "అదర్స్" లాంటిది కాదు, రేపు మెయింటెనెన్స్ వాళ్లు విప్పి చూశాక నింపాల్సిన ఖాళీ అది. ఒకే స్టాప్‌ని ముక్కలు చేసుకునే వీలు కూడా కావాలి, ఎందుకంటే గంటన్నర స్టాప్‌లో పది నిమిషాలు జామ్, ఇరవై నిమిషాలు ఫిట్టర్ కోసం ఎదురుచూపు, అరగంట స్పేర్ కోసం స్టోర్స్ చుట్టూ తిరగడం, మిగతాది బిగించాక క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్లు వచ్చి కెమెరా చాలెంజ్ టెస్ట్, అంటే కావాలని పెట్టిన తప్పు స్ట్రిప్‌లని కెమెరా పట్టుకుంటోందా అన్నది, చూసి ఓకే అనేదాకా. దానంతటికీ కలిపి ఒక్క పేరు పెట్టమంటే ఏ పేరు పెట్టినా అబద్ధమే అవుతుంది కదా.

షిఫ్ట్ అంటే గుర్తొచ్చింది. ఎ షిఫ్ట్ పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10. మెషిన్ 1:40కి ఆగి 2:35కి స్టార్ట్ అయితే మీరు దాన్ని 2 గంటల దగ్గర కత్తిరించి రెండు స్టాప్‌లు చేస్తారు. షిఫ్ట్ వారీ నిమిషాల కోసం కత్తిరించండి, వద్దనట్లేదు, కానీ లెక్కపెట్టేటప్పుడు కూడా రెండు అని ఎందుకు లెక్కపెడతారు? మెషిన్ ఒక్కసారే ఆగింది, మీ రిపోర్ట్‌లో రెండు ఫెయిల్యూర్లు, సగటున ఎంతసేపటికోసారి ఫెయిల్ అవుతోంది అన్న లెక్క అక్కడే పాడైంది. పైగా బి షిఫ్ట్ కుర్రాడు టిఫిన్ బాక్స్ కూడా పక్కన పెట్టకముందే అతన్ని కారణం అడుగుతుంది మీ పాపప్, అతను ఆగినప్పుడు చూడనే లేదు.

చిన్న స్టాప్‌ల సంగతి ఇంకోటి. ఐదు నిమిషాల కంటే తక్కువ అయితే స్టాప్ కాదు అని మీ డిఫాల్ట్ సెట్టింగ్, దాన్ని మార్చొచ్చని కూడా చాలా ప్లాంట్లకి తెలీదు. అవి ఎటు పోతాయంటే ఓఈఈలో, అంటే మెషిన్ మొత్తం పనితనాన్ని ఒక్క నంబర్‌లో చూపించే లెక్కలో, పెర్ఫార్మెన్స్ లాస్‌లో కలిసిపోతాయి, స్పీడ్ తక్కువగా నడిపారు అన్నట్టు కనిపిస్తుంది. లెక్క కోసం అనుకుందాం, ఒక షిఫ్ట్‌లో 30 సెకన్ల స్టాప్‌లు 80 వచ్చాయి, అంటే 40 నిమిషాలు పోయినట్టు, నిమిషానికి 200 బ్లిస్టర్ల లెక్కన 8,000 బ్లిస్టర్లు. ఒక్క 40 నిమిషాల బ్రేక్‌డౌన్ వస్తే ప్లాంట్ హెడ్ దాకా ఫోన్లు, ఈ 80 స్టాప్‌ల మీద ఎవరూ ఒక్క మాట అడగరు, మేం మాత్రం షిఫ్ట్ అంతా మెషిన్ చుట్టూ పరిగెడుతూనే ఉంటాం. టీపీఎం, అంటే అందరూ కలిసి మెషిన్లని చూసుకునే మెయింటెనెన్స్ పద్ధతి, పుట్టిన జపాన్‌లో నకాజిమా గారు ఆరు పెద్ద నష్టాలు అని చెప్పినప్పుడు చిన్న చిన్న ఆగుళ్లని విడిగా ఒక నష్టంగా లెక్కేశారు, స్పీడ్ తగ్గడాన్ని విడిగా ఇంకోటిగా పెట్టారు. రెండూ పెర్ఫార్మెన్స్ కిందకే వస్తాయి, నిజమే, కానీ రెండిటికీ మందు వేరు. ఈ చిన్నవాటికి మనిషిని కారణం అడిగితే అతను పని మానేసి బటన్లు నొక్కుతూ కూర్చోవాలి, అందుకే వీటికి మనిషిని అస్సలు అడగొద్దు, ఏ స్టేషన్ దగ్గర, ఏ మొదటి అలారంతో, ఎన్నిసార్లు అన్నది మెషిన్ కాలమ్ నుంచే లెక్క తీసి చూపించండి. రెండు కాలమ్స్ విడివిడిగా ఉండాలి అనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం. మెషిన్ దానంతట అది ఆగడం అనేది ప్రతిసారీ నష్టం కాదు. జపాన్‌లో మగ్గాలు కనిపెట్టిన సకిచి టొయోడా మగ్గం మీద దారం తెగితే మగ్గం దానంతట అదే ఆగేలా చేశాడు, 1896లోనే పేక దారం తెగితే ఆగే మగ్గం, 1924కల్లా టైప్ జి ఆటోమేటిక్ మగ్గం, ఎందుకంటే ఆగకపోతే తయారయ్యేది పాడైన గుడ్డ. మా బ్లిస్టర్ మెషిన్ కూడా అంతే, కెమెరా వరసగా కొన్ని బ్లిస్టర్లు రిజెక్ట్ చేస్తే మెషిన్ ఆగిపోతుంది, ఫీడింగ్‌లో ఏదో తేడా వచ్చింది చూడండయ్యా అని. సీలింగ్ టెంపరేచర్ లిమిట్ దాటితే ఆగిపోతుంది, లేకపోతే లీక్ అయ్యే స్ట్రిప్ పేషెంట్ చేతికి పోతుంది. ఇవి మెషిన్ తన డ్యూటీ చేసినట్టు. మీరు వీటికీ కార్టన్ జామ్‌కీ ఒకే ఎరుపు రంగు, ఒకే "బ్రేక్‌డౌన్" బకెట్ ఇస్తారు. టార్గెట్ ఏమో స్టాప్‌లు తగ్గించమని. అప్పుడు ఏం జరుగుతుంది? ఎక్కడో ఒక చోట ఎవడో ఒకడు వరస రిజెక్ట్‌ల లిమిట్ మూడు నుంచి పదికి పెంచుదామా అని అడుగుతాడు. ఫార్మాలో ఆ పారామీటర్‌కి పాస్‌వర్డ్, క్యూఏ అప్రూవల్ ఉంటాయి కాబట్టి అంత ఈజీగా కుదరదు, కానీ ఆ ఆలోచన పుట్టించింది మీ రంగు. ఇలాంటి స్టాప్‌లకి వేరే పేరు, వేరే రంగు పెట్టండి, ఆగిన టైమ్ లెక్కలో ఉండనివ్వండి, దాచమనట్లేదు, కానీ కారణం ఫీడర్‌దో ట్యాబ్లెట్‌దో అయితే దాని కింద రాయండి, ఆపిన కెమెరా కింద కాదు.

డేటా రాకపోతే ఏం చేస్తారు అన్నది కూడా చూసుకోండి. నెట్‌వర్క్ స్విచ్ పోయినప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ మెషిన్ ఆగిందని చూపించింది, ఇంకోటి ఆఖరి స్టేటస్ పట్టుకుని రన్నింగ్ అనే చూపిస్తూ పోయింది. రెండూ తప్పే, "డేటా లేదు" అని బూడిద రంగు వెయ్యండి, అయిపోతుంది.

ఇక మార్చడం గురించి, ఇదే నా అసలు పాయింట్‌కి గుండెకాయ. మా దగ్గర బ్యాచ్ ప్యాకింగ్ రికార్డ్‌లో ఒక అంకె తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, దాని మీదే దిద్దకూడదు, పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన కరెక్ట్‌ది రాసి, సంతకం, తేదీ, ఎందుకు మార్చామో రాయాలి. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారంలో నేర్పేది ఇదే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే రూల్ ఎలక్ట్రానిక్ రికార్డులకి కూడా ఇదే చెప్తుంది, మార్పు చేస్తే పాత ఎంట్రీ మరుగున పడకూడదు, ఎవరు ఎప్పుడు మార్చారో ఆడిట్ ట్రైల్‌లో ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమో పొద్దున మీటింగ్‌కి పది నిమిషాల ముందు సూపర్‌వైజర్ లాగిన్‌తో లోపలికి పోయి రాత్రి స్టాప్‌ల కారణాలన్నీ మార్చేయొచ్చు, మెషిన్ చెప్పింది కూడా పోతుంది, ఆపరేటర్ చెప్పింది కూడా పోతుంది. ఇది బ్యాచ్ రికార్డ్ కాదు కదా, వట్టి ప్రొడక్టివిటీ డేటా కదా అంటారు మీవాళ్లు. సరే, రూల్ పరంగా వదిలేద్దాం. కానీ ఆడిటర్ ఒక స్టాప్ గురించి అడిగి, బ్యాచ్ రికార్డ్‌లో ఒక కారణం, మీ స్క్రీన్‌లో ఇంకో కారణం చూస్తే సమాధానం చెప్పాల్సింది మీరు కాదు, మేం.

పొద్దున మీటింగ్ ఎందుకు ఇలా తయారైందంటే మీ కేటగిరీలన్నీ డిపార్ట్‌మెంట్ల పేర్లే కాబట్టి. మెకానికల్, ఎలక్ట్రికల్, ప్రొడక్షన్, క్వాలిటీ, స్టోర్స్, గుండ్రటి పై చార్ట్ రంగురంగులుగా. స్టాప్ ఎందుకు వచ్చింది అన్న మాట పక్కకి పోయి ఎవరి ముక్క ఎంత అన్నదే మిగిలింది, తిలా పాపం తలా పిడికెడు. నేనూ అందులో కూర్చుంటా కాబట్టి చెప్తున్నా, అరగంట మీటింగ్‌లో ఎక్కువసేపు నడిచేది ఒక స్టాప్‌ని అక్కడ్నుంచి ఇక్కడికి, ఇక్కడ్నుంచి అక్కడికి తోసుకోవడమే. లైన్ క్లియరెన్స్, అంటే పాత బ్యాచ్ సరుకేదీ లైన్ మీద మిగల్లేదని చూసుకోవడం, దానికి క్యూఏ వాళ్ల కోసం ఆగిన టైమ్ "సెటప్"లో వేశారా "వెయిటింగ్"లో వేశారా అని కొట్టుకున్న రోజులు ఉన్నాయి, అది ఐదు నిమిషాలు తగ్గించడం ఎలా అని ఎవరూ మాట్లాడరు. కారణం పేరులో డిపార్ట్‌మెంట్ లేకుండా చెయ్యండి. "సక్కర్ కప్పు అరిగింది", "లీఫ్‌లెట్ వంకర తిరిగింది", "క్యూఏ రావడం లేట్ అయ్యింది" కాదు, "లైన్ క్లియరెన్స్ చెకింగ్ అవ్వలేదు", ఇలా. ఏది ఎవరు చూడాలో ఆ తర్వాత మేం చూసుకుంటాం.

మీరు అంటారు, కస్టమర్ అడిగిందే మేం ఇస్తున్నాం, ప్లాంట్ హెడ్‌కి ఒక్క నంబర్ కావాలి, ఒక్క పై చార్ట్ కావాలి అని. నిజమే, కొనేది వాళ్లు, డెమో చూసేది వాళ్లు, లైన్ మీద ఆపరేటర్‌ని ఎవరూ డెమోకి పిలవరు. ఓఈఈ లాంటి లెక్కలు ఎలా కట్టాలో 2014లో ఐఎస్ఓ 22400 స్టాండర్డ్ కూడా వచ్చింది, ఒక్క నంబర్ ఇవ్వండి, మాకేం అభ్యంతరం లేదు. ఆ నంబర్ వెనకాల నొక్కితే మెషిన్ ఏం చెప్పింది, మనిషి ఏం చెప్పాడు, రెండూ పక్కపక్కనే కనిపించాలి, అంతే. రెండూ ఒకటి కానప్పుడే అసలు పని దొరుకుతుంది. మెషిన్ వందసార్లు లీఫ్‌లెట్ అలారం చెప్పి, మనుషులు అందులో డెబ్బైసార్లు వంకర లీఫ్‌లెట్ అని రాస్తే నేను ఆ కాగితం పట్టుకుని పర్చేజ్ వాళ్ల దగ్గరికి వెళ్లగలను. ఇప్పుడు మీ రిపోర్ట్ పట్టుకుని వెళ్తే "మెకానికల్ అని ఉంది కదా సార్, ఇక్కడికి ఎందుకొచ్చారు" అంటారు.

ఆ మధ్య మీలాంటి ఒక కంపెనీ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు, ఇప్పుడు ఏఐ పెట్టి స్టాప్ రీజన్స్ దానంతట అదే కనిపెట్టేలా చేస్తున్నాం అన్నారు. దేని మీద నేర్పిస్తారు అని అడిగా. మీ పాత డేటా మీదే సార్ అన్నారు. ఆ పాత డేటాలో ఫస్ట్ ప్లేస్ డోర్ ఓపెన్‌ది, సెకండ్ ప్లేస్ ఎయిర్ ప్రెషర్‌ది, థర్డ్ ప్లేస్ అదర్స్‌ది. అది నేర్చుకుని నాకు ఏం చెప్తుందో నేను ఇప్పుడే చెప్పగలను. ముందు రెండు కాలమ్స్ విడగొట్టి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం డేటా నిజాయితీగా పోగవనివ్వండి, ఆ తర్వాత ఏ మోడల్ తెచ్చినా ట్రయల్‌కి మా లైన్ ఇప్పించే పూచీ నాది, క్యూఏ సంతకాలకి నేనే తిరుగుతా.

ఇట్లు,
ప్యాకింగ్ సెక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జ్